రెండు నెలల్ల ఏడు పంచర్లు: ఒక బైక్ టాక్సీ వెనక టైరు కేసు

రామంతాపూర్‌ల మాది చిన్న టైర్ల షాపు. మా నాయిన పెట్టింది, అప్పట్ల సైకిల్ ట్యూబులకు ప్యాచ్‌లు ఏసుడే పని, ఇప్పుడు నేను బైకులు, స్కూటీలు, సైకిళ్ళు మూడూ చూస్త. పంచర్ అంటే మాకు రోజూ అన్నం తిన్నట్టే, దాని మీద కూసొని రాయాల్నని ఎన్నడూ అనుకోలే. కానీ 2023 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక్క బండికి, ఒక్క వెనక చక్రానికి, ఏడు తాపలు పంచర్ అయింది. అందుల ఆరు నా షాపులనే బాగు చేసిన, బాగైందనే పంపిన. ఎందుకైతుందో దొరికినంక వారం రోజులు షాపుల కూసోబుద్ది కాలే, ఎందుకంటే సగం తప్పు నా గోడకే ఏలాడుతుండె. ఈ పని చేసెటోళ్ళకు, బండి నడిపెటోళ్ళకు పనికొస్తదని మొత్తం రాస్తున్న, నా తప్పులతో సహా.

బండి 100 సీసీది, స్పోకుల రిమ్ములు, ట్యూబ్ టైర్లు, ముందు వెనక రెండూ 2.75-18 సైజే. నడిపే తమ్మికి ఇరవై ఆరేళ్ళుంటయ్. బైక్ టాక్సీ నడుపుతడు. పొద్దున ఏడింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ యాప్ ఆన్ చేస్తె తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, హైటెక్ సిటీ, మళ్ళ ఎల్బీనగర్, సవారీ ఎటు పడితె అటు, రోజుకు 100 నుంచి 120 కిలోమీటర్లు. వెనక సీటు ఖాళీగ ఉండే టైం తక్కువ. ఇది అందరికంటె ముందు నాకే తట్టాలె, తట్టలే.

మొదటిది ఏప్రిల్ 3న. సీదా సాదా కేసు, టైరుల మేకు దిగి ఉంది, తీసి ప్యాచ్ ఏసి పంపిన. రెండోది పన్నెండు రోజులకు. టబ్బుల ముంచితె ట్యూబుకు చిన్న చిల్లు, సూది గుచ్చినంత, అది రోడ్డు వైపు కాదు, రిమ్ము వైపు అంచుకు ఉండె. అప్పుడు దాన్ని పట్టించుకోలే, ప్యాచ్ ఏసిన, తొంబై రూపాయలు తీసుకున్న. ఇప్పుడు ఆలోచిస్తె అది మా పిల్లగాడు పట్టీతోని, అంటె టైరు ఎక్కిచ్చే ఇనుప పట్టీతోని, చేసిన చిల్లు అని నాకు దాదాపు ఖాయం. మొదటి పంచర్ అప్పుడు టైరు ఆఖరి జానెడు రిమ్ముల ఎక్కిచ్చేటప్పుడు పట్టీ కింద ట్యూబు చిక్కి నలిగి ఉంటది. అప్పుడే పడిపోదు, చర్మం గీసుకుపోయినట్టు ఉండి పది పదిహేను రోజులకు తెగుతది. ఇది కావద్దంటే ట్యూబుల జరంత గాలి ఉంచి పెట్టాలె, ముడత లేకుండ గుండ్రంగ నిలబడేంత, పౌడర్ చల్లాలె, వాల్వ్‌కు ఎదురు వైపు నుంచి మొదలువెట్టి వాల్వ్ కాడ ముగించాలె, ఎక్కిచ్చిన వైపు బీడ్‌ను, అంటె రిమ్ముల కూసొనే టైరు గట్టి అంచును, రిమ్ము నడుమ గాడిలకు కాలుతోని తొక్కి పట్టుకోవాలె. అట్ల చేస్తె ఆఖరి జానెడు చేత్తోనే ఎక్కుతది, పట్టీతోని పనే లేదు. మా నాయిన పట్టీ ముట్టకుండ ఎక్కిచ్చేటోడు, మేము తొందర బ్యాచు.

మూడోది ఏప్రిల్ 24న మాదాపూర్‌ల అయింది, అక్కడనే ఎవరో ఏసిన్రు, నేను చూడలే. ఇక్కడికి వచ్చి మొత్తుకున్నడు, "అన్నా, ఇరవై రోజులల్ల మూడు పంచర్లే, దినాం ఏదో ఒకటి, జర పక్కా ఇలాజు చెప్పు." నేను చెప్పిన పక్కా ఇలాజు ఏందంటే జెల్. ట్యూబుల పోసే సీలెంట్ జెల్, రెండొందల యాభై. అమ్మినోన్ని నేనే కాబట్టి చెప్పుకోవాలె, ఆ బండికి అది దండుగ. జెల్ పని చేసేది రోడ్డు వైపు పడ్డ చిన్న మేకు చిల్లుకు, చక్రం తిరుగుతుంటే ద్రవం బయటి వైపుకు పోయి అక్కడ చేరుతది కాబట్టి ఆ చిల్లును మూస్తది. రిమ్ము వైపు చిల్లుకు, కోతకు, వాల్వ్ మొదట్ల చిరుగుకు అది ఏం చెయ్యలేదు. పైగ తర్వాత ప్యాచ్ ఏద్దామంటే లోపట అంతా జిగట, ఎంత తుడిచినా సొల్యూషన్ పట్టదు.

అది మే 2న తెలిసింది, నాలుగోది. టైరు విప్పితె జెల్ మొత్తం టైరు లోపల పరుచుకొని ఉంది, ట్యూబు వాల్వ్ మొదట్ల సగం చీరి ఉంది. వాల్వ్ మొదలు చీరితె ప్యాచ్ పడదు, ట్యూబే మార్చాలె. మార్చిన. "పాత ట్యూబు తమ్మీ, రబ్బరు అయిపోయింది" అని కూడ చెప్పిన. అయిదోది మే 11న, కొత్త ట్యూబుకు తొమ్మిది రోజులు. ఈ తాప రెండు చిన్న కోతలు, పక్కపక్కన, పాము కాటేసినట్టు. దీన్ని చూసుడు తెల్వని మెకానిక్ ఉండడు, గాలి తక్కువున్న టైరు గుంతల పడ్డప్పుడు టైరు నలిగి, ట్యూబు రిమ్ము రెండు అంచులకు, రోడ్డుకు నడుమ చిక్కుతది, రెండు కోతలు పడతయ్. నేను కూడ అదే చెప్పిన, "గాలి చూసుకుంటలేవు." తమ్మికి కోపం వచ్చింది. "మూడు రోజులకొక్కసారి నీ కాడనే కొట్టిస్తున్న గదా అన్నా, నువ్వే 28 పెట్టినవు గదా." 28 అంటె గాలి ఒత్తిడి లెక్క, పీఎస్ఐలల్ల. అది నిజమే, నేనే పెట్టిన. నాకు సమాధానం దొరకలే, కాబట్టి రోడ్డును తిట్టిన. ఉప్పల్ నుంచి బోడుప్పల్ దిక్కు ఫ్లైఓవర్ పనుల కింద అప్పట్ల రోడ్డు ఎట్లుండెనో చూసినోళ్ళకు ఎర్కనే, అక్కడ ఏ టైరుకైన ఏదైన జరగొచ్చు అన్నట్టు ఉండె, నా మాట నమ్మేటట్టే ఉండె.

ఆరోది మే 21 ఆదివారం. ట్యూబు వయసు పంతొమ్మిది రోజులు. మళ్ళ వాల్వ్ మొదలే చీరింది.

ఇక్కడ నాకు ఫస్ట్ టైం బుర్ర ఎలిగింది. ఒక్క వాల్వ్ చీరితె పాత ట్యూబు అనొచ్చు, కొత్త ట్యూబు అదే జాగల చీరితె ఏదో దాన్ని గుంజుతుంది. చక్రం విప్పకముందు నిమ్మలంగ చూసిన, వాల్వ్ నిటారుగ లేదు, ఒక దిక్కు వాలి ఉంది. ఇంకోటి, టైరు పక్కన పసుపు చుక్క ఉంటది చూసిన్రా, టైరుల బరువు తక్కువున్న జాగకు కంపెనీలు పెట్టే గుర్తు, ట్యూబు టైరు ఎక్కిచ్చేటప్పుడు ఆ చుక్కను వాల్వ్ కాడికి తెచ్చి పెడతం. వాల్వ్ బరువు ఒక దిక్కు, టైరు తేలిక జాగ అదే దిక్కు ఉంటె చక్రం కొంచెం సమంగ తిరుగుతది. అది మా నాయిన నేర్పిన అలవాటు, చెయ్యకుంటె చెయ్యి ఆడదు. మే 11న కూడ చుక్కను వాల్వ్ కాడనే పెట్టిన. ఇప్పుడు చూస్తె మాసిపోయిన ఆ చుక్క వాల్వ్ నుంచి నాలుగు వేళ్ళంత దూరం పోయింది. పది రోజులల్ల టైరు రిమ్ము మీద నాలుగు వేళ్ళు జరిగింది.

ఇది ఎట్ల జరుగుతదంటే, టైరు బీడ్ రిమ్మును పట్టుకొని ఉండేది లోపలి గాలి బలంతోనే, అక్కడ బోల్టు గిల్టు ఏం లేదు. గాలి తక్కువుంటె పట్టు తక్కువ. సిగ్నల్ పడంగనే గేరేసి గుంజినప్పుడు, బ్రేక్ తొక్కినప్పుడు, టైరు రిమ్ము మీద వెంట్రుకవాసి జారుతది. ట్యూబు టైరుకు అతుక్కొని దానెంబడే పోతది. వాల్వ్ మాత్రం రిమ్ము చిల్లుల ఇరుక్కొని అక్కడనే ఉంటది. దినాం వంద సిగ్నళ్ళు ఆగి లేచే బండికి ఆ వెంట్రుకవాసే వేళ్ళంత దూరం అయి, వాల్వ్ మొదట్ల గుంజి గుంజి చింపుతది. దీనికి తోడు మా షాపుల పిల్లలు వాల్వ్ నట్టును రిమ్ముకు ఆనేదాక గట్టిగ బిగిస్తరు, మంచిగ కనపడ్తదని. అట్ల బిగిస్తె వాల్వ్ వాలుడు కనపడదు, లోపలనే తెగుతది. ఆ నట్టును రిమ్ముకు బిగించొద్దు, పైకి తిప్పి వాల్వ్ క్యాప్ కింద ఉంచితె వాల్వ్ వాలిన రోజే కండ్లకు కనపడ్తది.

సరే, అంటే గాలి తక్కువుంది. కానీ 28 నేనే పెడుతున్న. తమ్మి అబద్ధం చెప్తలేడు, మూడు రోజులకొక్కసారి వచ్చుడు నేను చూస్తనే ఉన్న. ఈ రెండింటి నడుమ ఇరికిన.

ఇరికిన కథ ఇడిసింది ఒక సైకిల్ సార్ వల్ల. హబ్సిగూడల ఉంటడు, రిటైర్ అయినంక సైకిల్ పట్టిండు, ఆదివారాలు ఘట్‌కేసర్ దాకా పోయొస్తడు. ఆ రోజే టైరు పక్క కోసుకుపోయి వచ్చిండు, కొత్త టైరు తనే తెచ్చుకున్నడు, 700×32సి. సైకిల్ టైర్ల మీద ఒక ముక్క ఇక్కడనే చెప్త, మస్తు మంది మోసపోతరు. ఈ 700సి ని కొందరు 28 ఇంచ్ అంటరు, పాత జెంట్స్ సైకిల్ 28×1½ ను కూడ 28 ఇంచే అంటరు, పాలోళ్ళ సైకిల్. పేరు ఒకటే, రిమ్ము వేరే. 700సి కి బీడ్ కూసొనే జాగ వ్యాసం 622 మిల్లీమీటర్లు, పాత సైకిల్‌కు 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఎంత గుంజినా ఎక్కదు, లేకపోతె లూజు లూజుగ ఉంటది. 26 ఇంచ్ కూడ అంతే, గేర్ సైకిల్ 26×1.95 కు 559, పాత లేడీస్ సైకిల్ 26×1⅜ కు 590. అందుకే ఇంచులు అడగొద్దు, టైరు పక్కన 32-622 లెక్క ఉండే అంకెలు చదివి అవే అంకెలది తెచ్చుకోవాలె. సార్ అట్లనే తెచ్చుకున్నడు, చదువుకున్నోడు గదా.

టైరు ఎక్కిచ్చి గాలి కొట్టిన, సార్ 60 పెట్టమన్నడు, మా గాలి గన్ను గేజ్ మీద 60 చూపించిన. సార్ కార్ల నుంచి తన ఫ్లోర్ పంపు తెచ్చి మళ్ళ చెక్ చేసిండు. 52. నేను నవ్విన, "సార్, అది ఇంటి పంపు, ఇది కంప్రెసర్." సార్ ఏం అనలే, మెల్లగ అన్నడు, "బాబూ, అయితె ఆ బైక్ టైరు కూడ ఒకసారి దీంతోని చూద్దాం." తమ్మి బండి పక్కనే ఉండె, కొత్త ట్యూబు ఏసి అప్పుడే 28 కొట్టిన. సార్ సైకిల్‌కు కూడ బైక్ లాంటి వాల్వే కాబట్టి ఆ పంపు సీదా పట్టింది. 20.

రెండు చోట్లా సరిగ్గ 8 తక్కువ. ఇద్దరల్ల ఒకరిది రాంగ్. ఆ రోజు షాపు జల్ది బంద్ చేసి పుత్లీబౌలి పోయి ఒక డిజిటల్ గేజ్ కొన్న, దాన్ని సార్ పంపుతోని కలిపి చూస్తె ఒక్క పాయింట్ తేడా లేదు. ఇగ మా గన్ను తీసి గేజ్ అద్దం మీద గ్రీజు, దుమ్ము కిరోసిన్‌తోని తుడిచిన. గాలి లేనప్పుడు, పైపు ఊడదీసి బల్ల మీద పెట్టినప్పుడు కూడ, ముల్లు 8 మీద కూసొని ఉంది. సంక్రాంతప్పుడు పిల్లగాడు గన్ను కింద పడేసిండు, అద్దం పగల్లే కాబట్టి ఏం కాలే అనుకున్నం. అంటే జనవరి నుంచి మే దాకా మా షాపుల గాలి కొట్టించుకున్న ప్రతి బండికి 8 తక్కువ. ముందు టైరుకు 25 అడిగినోనికి 17. ఆ నెలలల్ల ఇద్దరు ముగ్గురు వచ్చి హ్యాండిల్ బరువుగ ఉందన్నా అంటె నేను హ్యాండిల్ బేరింగులు విప్పి గ్రీజు పెట్టి పంపిన, పైసలు కూడ తీసుకున్న. ఒకాయన మైలేజీ పడిందని కార్బొరేటర్ సాఫ్ చేయించుకున్నడు. ఎవ్వలకూ గుర్తుండదు, నాకే గుర్తుంది.

కేసుకు మళ్ళ వస్త. గేజ్ దొరికింది కాబట్టి పని అయిపోయిందనుకున్న. డిజిటల్ గేజ్‌తోని నిజమైన 28 పెట్టిన. చుక్క మీద నమ్మకం చాలక నంబర్ ప్లేట్లు రాసే తెల్ల పెయింట్‌తోని టైరు నుంచి రిమ్ము మీదికి ఒక అడ్డ గీత గీసిన, టైరు జరిగితె గీత రెండు ముక్కలైతది. తమ్మికి రోజూ ఫోన్ల ఫోటో తీసి పంపమన్న, పంపిండు. పన్నెండు రోజులు గీత ఒక్క దారమంత కూడ జరగలే. నేను ఖుషీ.

జూన్ 2న ఏడోది. రెండు కోతలు, పక్కపక్కన. వాల్వ్ నిటారుగ ఉంది, గీత సక్కగ ఉంది, ముందు రోజు చల్లగున్నప్పుడు చూస్తె గేజ్ 27 చూపించింది. అయినా గుంతల పడి నలిగింది. అప్పుడు వెనక కూసున్న గిరాకి బరువు బాగనే ఉన్నడట, తమ్మి చెయ్యి అడ్డం పెట్టి చూపించిండు.

అప్పటి దాకా ఆ టైరును నేను ఒక్కసారి కూడ చదవలే. ఎందుకు చదవలే అంటే అది కొత్త టైరు. ఫిబ్రవరిల ఇంకో చోట ఏయించుకున్నడు, రోడ్డుకు ఆనే రబ్బరు గుండీలు నిండుగ ఉన్నయ్, ఇంక చూసేదేముంది. ఇప్పుడు టార్చ్ పెట్టి పక్కన రాతలన్నీ చదివిన. 2.75-18, సరే. దాని పక్కన 42పి, 4పీఆర్. నా నోట్ల మాట రాలే.

ఈ అంకెలు తెల్వనోళ్ళకు చెప్త. 42 అనేది లోడ్ ఇండెక్స్, దానికి 150 కిలోలు, ఆ టైరు పూర్తి గాలితోని మోసే గరిష్ఠ బరువు. పి అనేది స్పీడు, గంటకు 150 కిలోమీటర్లు, 100 సీసీ బండికి దాంతోని పేచీ లేదు. పీఆర్ అంటే ప్లై రేటింగ్, లోపలి నూలు పొరల బలం ఎంతకు సమానమో చెప్పే లెక్క, నిజంగ అన్ని పొరలుంటయని కాదు. ఆ బండికి కంపెనీ ముందు ఇచ్చేది 2.75-18 4పీఆర్ 42పి, వెనక ఇచ్చేది అదే సైజుల 6పీఆర్ 48పి, అంటె 180 కిలోలు. సైజు ఒకటే కాబట్టి ఎవరో ముందు టైరు లెక్కను వెనకకు ఎక్కిచ్చిన్రు. మామూలుగ ముందు టైరుకు నిలువు గీతలుంటయ్, చూడంగనే తెలుస్తది, దీనికి గుండీల ప్యాటర్నే ఉండె, కాబట్టి నా కన్ను మోసపోయింది. రెండొందలో ఎంతో తక్కువకు వచ్చింది, తమ్మి బేరం చేసి సంబరపడ్డడు.

150 సరిపోదా అని తమ్మి అడిగిండు. మా పక్కన పాత ఇనుప సామాన్ల దుకాణం ఉంది, వాళ్ళ ప్లాట్‌ఫామ్ కాటా నేలకు నాలుగు వేళ్ళు ఎత్తు ఉంటది. ముందు చక్రం కింద అదే ఎత్తుల ఇటుకలు పెట్టి, వెనక చక్రం ఒక్కటే కాటా మీద పెట్టి, తమ్మి కూసున్నడు, వెనక నేను ఎక్కిన, నాది 76 కిలోలు. కాటా ఆయన చూసి నవ్వుతనే ఉన్నడు. 168 కిలోలు. అది ఆగి ఉన్నప్పుడు, గుంతల పడ్డప్పుడు దెబ్బ ఇంకెంత ఉంటదో అనుకోండి. 150 టైరు మీద 168, అది కూడ ఇద్దరికి చెప్పిన గాలి లేకుండ.

అదే రెండో సంగతి. బండి చెయిన్ కవర్ మీద స్టిక్కర్ ఉంది, నూనె మసి తుడిస్తె కనపడ్డది, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 40. మేమందరం 28 అనే అంకె ఒక్కటే నోటికి పెట్టుకున్నం, వెనక ఎవరున్నా అదే. నా షాపులకు వచ్చి "ఇద్దరికి కొట్టు" అని అడిగినోడు నా సర్వీసుల పదిమంది ఉండరు. మీ బండికి ఇదే అంకె ఉండదు, బండికో తీరు ఉంటది, స్టిక్కర్ గాని మాన్యువల్ గాని చూసుకోవాలె, టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అది మనం కొట్టాల్సింది కాదు.

40 అంటే తమ్మి వెనక్కి జరిగిండు. "పేలుతదన్నా, ఈ ఎండలకు!" ఎండకాలంల గాలి తక్కువ కొట్టాలె అనేది హైదరాబాద్‌ల ప్రతి పంచర్ షాపుల చెప్పే మాట, మా నాయిన కూడ చెప్తుండె, నేనూ చెప్పిన. లెక్క చూస్తె, 30 ఉన్న టైరుల గాలి పది డిగ్రీలు వేడెక్కితె పెరిగేది ఒక్కటి, ఒకటిన్నర పాయింట్లు అంతే. పొద్దున చల్లగున్నప్పుడు పెట్టిన అంకెకు మధ్యాహ్నం మూడు నాలుగు పెరిగితె టైరు తట్టుకుంటది, కంపెనీ అంకె చెప్పేదే చల్లటి టైరుకు, నడిస్తె వేడైతదని వాళ్ళకు తెల్వదా. టైరును నిజంగ వేడి చేసేది గాలి తక్కువుండుడు. తిరిగిన ప్రతి తాప పక్కలు ఎక్కువ మడుగుతయ్, ఇనుప తీగను వంచి వంచి ముట్టి చూడండి ఎట్ల కాలుతదో, అట్ల. ఎండల టైర్లు పగిలేవి చానా వరకు తక్కువ గాలితోని నలిగి లోపల నూలు తెగినయే. తమ్మి పూర్తిగ నమ్మలే, కానీ ఏడు పంచర్లు తిన్నోడు కాబట్టి సరే అన్నడు.

ట్యూబ్‌లెస్ చేపిస్తె పీడ పోదా అని కూడ అడిగిండు. స్పోకుల రిమ్ముకు ప్రతి స్పోక్ మొదట్ల చిల్లు ఉంటది, గాలి నిలువదు, అలాయ్ చక్రాలు ఏయించాలె, అది పెద్ద ఖర్చు, ఆ ముచ్చట అక్కడ్నే ఆపినం.

జూన్ 4న చేసినయి ఇవి. వెనకకు 48పి 6పీఆర్ టైరు, తేదీ చూసి ఏసిన. టైరు మీద నాలుగు అంకెలుంటయ్, మొదటి రెండు వారం, ఆఖరి రెండు ఏడాది. ఇది 0923, అంటె 2023ల తొమ్మిదో వారం. పాత 42పి మీద 3219 ఉండె, అంటె ఫిబ్రవరిల కొత్తది అని అమ్మినప్పటికే మూడున్నర ఏండ్లు దాటింది, గోరు గుచ్చితె దిగనంత గట్టిపడింది. పంచర్లకు అది కారణం అనను, కానీ వానల జారేది అదే. రిమ్ము విప్పినంక లోపల స్పోక్ తలలను కప్పే రిమ్ము బెల్టు ఒక పక్కకు జరిగి రెండు స్పోక్ తలలు బయట పడి ఉన్నయ్, చేత్తోని ముడితె ఒకటి గుచ్చుకుంది, దాన్ని ఆకురాయితోని రాసి కొత్త బెల్టు పెట్టిన. ఇంకొన్ని రోజులైతె ఎనిమిదోది అక్కడి నుంచి వస్తుండె. కొత్త ట్యూబు, పౌడర్, చుక్క వాల్వ్ కాడ, నట్టు లూజు, తెల్ల గీత. పొద్దున చల్లటి టైరుకు 40, ముందు 25. చెయిన్ మళ్ళ సరి చేసి, వెనక చక్రం రెండు పక్కలా గుర్తులు ఒక్క తీరు ఉన్నయా లేదా చూసి పంపిన. ఈ తాప పైసలు టైరు, ట్యూబు ఖరీదే తీసుకున్న, కూలి తీసుకోలే. జెల్ పైసలు వాపస్ ఇయ్యబోతె తీసుకోలే, "మళ్ళ పంచరైతె అందుల పట్టుకో అన్నా" అన్నడు.

వారం రోజులు మొత్తుకున్నడు, గిరాకి లేనప్పుడు వెనక సీటు కింద రాయి పెట్టినట్టు ఎగురుతుందని. అది నిజమే, ఒక్కరున్నప్పుడు 40 ఎక్కువే. ప్రతి సవారీకి గాలి మార్చలేం, వెనక మనిషి లేని టైం తక్కువ కాబట్టి ఇద్దరి అంకెనే ఉంచినం. సొంత బండి, నెలకొక్కసారి మాత్రమే డబుల్స్ పోయేటోళ్ళు అయితె నేను ఒక్కరి అంకె ఉంచి ఆ రోజు పొద్దున కొట్టించుకోమంట. జూలైల వానలు మొదలైనంక ఇంకో లొల్లి, ఎవరో వానాకాలం గాలి దించితె గ్రిప్పు పెరుగుతదని చెప్పిన్రంట, 30 కి దించి వచ్చిండు. తడి రోడ్డు మీద నీళ్ళు బయటికి పోవాలంటె టైరు గాడులు తెరుచుకొని ఉండాలె, గాలి దించితె గాడులు ముడుచుకుంటయ్. మళ్ళ పెట్టిచ్చిన.

ఏ మార్పు ఎంత పని చేసిందో ముక్క ముక్కగ తూచలేను. వాల్వ్ చిరుగులకు కారణం గేజే, దాని మీద నాకు అనుమానం లేదు, ఎందుకంటే టైరు మార్చకముందే, ఒక్క గాలి సరి చెయ్యంగనే గీత ఆగింది. కానీ పాము కాట్లు ఆగింది 48పి వల్లనా, 40 వల్లనా అంటె రెండూ ఒక్క రోజే మార్చిన. కేసు లెక్క చూస్తె ఒకటి మార్చి ఆగి, ఇంకొకటి మార్చాలె. కానీ ఆ పిల్లగాని బతుకుదెరువు మీద నేను ప్రయోగం చెయ్యలేను గదా, ఒక్కొక్క పంచర్‌కు వందతోని పాటు ఆయనకు రెండు మూడు సవారీలు పోతున్నయ్.

మా షాపుల మారింది రెండే. ఒకటి, పొద్దున షట్టర్ లేపంగనే గన్ను ముల్లు సున్నా మీద ఉందా చూసుడు, వారానికొకసారి డిజిటల్‌తోని కలుపుడు. రెండు, ట్యూబు బయటికి తియ్యకముందు వాల్వ్ పక్కనే టైరు మీద సుద్దముక్కతోని గుర్తు పెట్టుడు, చిల్లు దొరికినంక ట్యూబును టైరు పక్కన పరిచి చిల్లు ఎక్కడ వస్తదో చూసుడు. రోడ్డు వైపైతె అదే జాగల టైరు లోపల చెయ్యి పెట్టి ముల్లు వెతకాలె. బోడుప్పల్ ఖాళీ ప్లాట్లల్ల తిరిగే సైకిళ్ళకు పల్లేరు కాయలే ఎక్కువ, ఒకటి తీస్తె ఇంకో మూడు ఉంటయ్, మొత్తం చుట్టూ తడమకుంటె అదే రోజు మళ్ళ వస్తడు. రిమ్ము వైపైతె స్పోకు, బెల్టు చూడాలె. అంచుకైతె పట్టీ. రెండు కోతలైతె గాలి, లోడు. వాల్వ్ మొదట్ల అయితె టైరు జారుడు. ఏప్రిల్ల ఆ రెండో పంచర్ అప్పుడే ఇట్ల చూసి ఉంటె సగం కథ ఉండకపోతుండె. పాత ట్యూబులు నేను సరిగ్గ చూడకుండ తుక్కుల పడేసిన, ఇప్పుడు ఏ చిల్లు ఎక్కడుండెనో మళ్ళ చూడాల్నంటె లేవు.

తమ్మి బండి అక్టోబర్ మొదట్ల దాకా 11 వేల కిలోమీటర్ల పైన తిరిగింది. ఒక్కటే పంచర్, ఆగస్టుల, నాచారం కాడ, సెంట్రింగ్ మేకు, నడుమ గుండీల దిగింది, సుద్ద గుర్తు పెట్టి చూస్తె అదే జాగ. టైరు నడుమ భాగం పక్కల కంటె కొంచెం ఎక్కువ అరుగుతుంది, 40 మీద ఒంటరిగ తిరిగిన కిలోమీటర్ల లెక్క అది, గాడి లోతు ఇంకా అరుగుడు గుర్తుకు రెండు మిల్లీమీటర్లకు పైననే ఉంది. తెల్ల పెయింట్ వానలకు పోతె మళ్ళ రెండు తాపలు గీసినం. గీత ఒక్కటే ముక్కగ ఉంది.